కోనాం

ఎమ్వీపీ కాలనీలో రెండో అంతస్తు.
కింద టైలరు కొట్టు, పైన మేము ఆరుగురం,
పిల్లల్ని అంచనా వేయడం నేర్చుకుంటున్నవాళ్లం.
అద్దానికి ఇటువైపు చీకట్లో ఐదుగురు.
అటువైపు ట్యూబులైటు, చాప, నేను,
చాప మీద తొమ్మిదేళ్ల నూకేష్.

మొదటి వారం హైమవతి మేడమ్ పాఠమే చెప్పలేదు.
మిక్సీ ఖాళీగా తిప్పి
ట్యూబులైటు స్టార్టరు వదులు చేసి
మెడ వెనక గోనె ముక్క దోపుకోమని
"ఇప్పుడు పదమూడో ఎక్కం చెప్పండి" అంది.
యూసఫ్ పదమూడు నాలుగుల దగ్గర ఆగిపోయాడు.
నేను ఆవిడ కళ్లలోకి చూడలేదు.
చూడలేదని ఆవిడ ఎక్కడో రాసుకుంది.

ఆ తర్వాతే కాగితాలు, గళ్లు, గళ్లలో అంకెలు.
"ఏడాది దాకా పెన్ను తేకండి. పెన్సిలే."

ఇవాళ నా వంతు.
పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు.
మళ్లీ పిలిచాను.
కిటికీ వైపు తిరిగాడు.
వాడు తిరిగాక విన్నాను నేను,
ఎక్కడో హార్బరులో ఓడ కూత.
ఏ గడో తెలీక
రెండు గళ్ల మధ్య గీత మీద చుక్క పెట్టాను.

తర్వాత బొమ్మ పుట్టినరోజు.
పెట్టెలో వచ్చిన పాప, ప్లేటు, ప్లాస్టిక్ చాకు,
గులాబిరంగు బంకమట్టి.
"ఇదిగో కేకు! పాపకి హ్యాపీ బర్త్‌డే చేద్దామా?"
నా గొంతు నాకే సబ్బు ప్రకటనలా వినిపించింది.

వాడు చప్పట్లు కొట్టలేదు. పాపకేసి చూడలేదు.
మట్టిని లాగి పొడుగు చేశాడు.
చాకు తిరగేసి ఆ చివర నుంచి ఈ చివరకి
గీకాడు, గీకాడు, గీకాడు.
ఒక కొస తుంచి పక్కన పెట్టాడు.
మధ్యలో వేలు దూర్చి ఏదో లాగి పారేశాడు.
నేను రాశాను:
ఊహతో ఆడే ఆట లేదు. ఒకే కదలిక పదే పదే.
చేతిరాత ముత్యాల్లా వచ్చింది.

సాయంత్రం వీడియో.
గుమ్మం దగ్గర వాళ్లమ్మ కొర్లమ్మ,
రమ్మన్నా లోపలికి రాలేదు,
"ఒళ్లంతా నీసు వాసన మేడమ్" అంది.
గీకే చోటు వచ్చేసరికి ఫక్కున నవ్వింది.
"కోనాం కోస్తన్నాడు మా గుంటడు!
తలకాయ ఏరేగా ఎట్టీసినాడు సూడండి,
అది మా ఇంటికి. ముక్కలు బేరానికి."

కేకు ఎప్పుడైనా కోశారా అని అడిగింది మేడమ్.
"జగదాంబ కాడ అద్దాల్లో సూసినాం" అంది కొర్లమ్మ.

మేడమ్ నాకేసి చూడలేదు. అదే ఆవిడ దయ.
వీడియో వెనక్కి తిప్పింది. మళ్లీ. మళ్లీ.
మూడోసారికి పొలుసులు కనిపించాయి నాకు.
మోచేతి మీద ఎగిరిపడిన ఒకదాన్ని
వాడు గోటితో తీసి పారేశాడు,
లేని పొలుసుని.

రబ్బరుతో తుడిచాను. కాగితం కాస్త చిరిగింది.
"ఒక్క గడే మారింది" అంది మేడమ్.
"మిగతావి ఉన్నచోటే ఉన్నాయి.
పాటకారు కేకలేస్తే వాడు మణికట్టు కొరుక్కోవడం,
రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ తీయడం.
సాయం కావాలి వాడికి.
ఎక్కణ్ణించి మొదలెట్టాలో అదొక్కటే ఇవాళ తెలిసింది."
కొర్లమ్మ అప్పుడు నవ్వలేదు.
ఖాళీ తట్ట ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

మంగళవారం మళ్లీ నూకేష్, నేను.
పాపను పెట్టెలోనే పడుకోబెట్టాను.
బూడిదరంగు మట్టి తెచ్చాను.
వాడు కోస్తుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని
రెండు వేళ్లు చూపించాను, రెండు ముక్కలని.
చూశాడు. కళ్లలోకి కాదు, వేళ్లకేసి.
రెండూ నా చేతిలో పెట్టి
అరచెయ్యి చాపి అలాగే ఉంచాడు.

చాలాసేపటికి వెలిగింది నాకు.
పర్సంతా వెతికితే
కూర్మన్నపాలెం బస్సు టిక్కెట్టు దొరికింది.
తీసుకున్నాడు. తిప్పి చూశాడు.
తర్వాత చిల్లర ఇచ్చాడు,
లేని చిల్లర,
నా అరచేతిలో ఒక్కొక్కటీ లెక్కపెట్టి.